సముద్రం పడని గోల్‌కీపర్

1994, పోర్ట్‌బ్లెయిర్. అప్పటికి నేను ఆస్పత్రి క్యాజువాల్టీలో మేల్ నర్సుగా చాలా ఏళ్లు పనిచేసి ఉన్నాను. క్యాజువాల్టీ అంటే జెర్రి కుట్టినవాళ్లు, కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాళ్లు, స్కూటరు మీంచి జారినవాళ్లు అందరూ ముందుగా వచ్చిపడే గది. సాయంత్రం పూట బడిపిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు మందులపెట్టె పట్టుకుని వెళ్లడం కూడా నా పనే. తలకు దెబ్బ తగిలిన ఆటగాణ్ని చూసి, వీడు ఆడొచ్చు, వీడు కూర్చోవాలి అని తేల్చడంలో ఈ దీవుల్లో నన్ను మించినవాడు లేడు. మైదానం ఆ చివర గోలుపోస్టు దగ్గరున్న కుర్రాడి కంటిపాపల్ని ఈ చివరనుంచే చూసి చెప్పేసేవాణ్ని. నా సర్వీసు మొత్తంలో ఒక్కడంటే ఒక్కడు నన్ను ఏమార్చలేకపోయాడు.

ఇంతవరకు రాసింది చదివి మా ఆవిడ సువార్త కళ్లజోడు తీసి నా వంక చూసింది. సరే. ఆ చివర ఉన్నవాడి కంటిపాపలు ఈ చివరకు కనబడవు. టార్చిలైటు వేసి ముక్కుకు ముక్కు ఆనేంత దగ్గరగా చూస్తే గాని తెలియదు. చూసినా, చాలామందిలో అవి మామూలుగానే ఉంటాయి. ఇక ఏమార్చినవాడి సంగతంటారా, ఒకడున్నాడు. వాడి కథే ఇది.

ముందు జబ్బేమిటో చెప్పాలి. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు పుర్రె లోపల మెదడు అదిరిపోతుంది. దాన్ని కంకషన్ అంటారు. ఎముక విరగదు, నెత్తురు కారదు, ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. కాని కొన్నాళ్లపాటు తలనొప్పి, తల తిరగడం, వెలుతురు చూడలేకపోవడం, ఇందాక అడిగిందే మళ్లీ అడగడం లాంటివి ఉంటాయి. అది పూర్తిగా మానకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. విరిగిన చెయ్యి అతుక్కుందో లేదో ఫొటో తీసి చూసుకోవచ్చు. మెదడు కుదురుకుందో లేదో చెప్పే ఫొటో మా దగ్గర లేదు. అందుకే పిల్లవాణ్ని మళ్లీ ఆటకు ఎప్పుడు పంపాలన్నది పెద్ద చిక్కు.

నూకరాజు బడి టీముకు గోల్‌కీపర్. ఇక్కడి పిల్లల భాషలో గోలీ. పదకొండో తరగతి. ఇల్లు డైరీ ఫార్మ్ అనే పేటలో. వాళ్ల తాత శ్రీకాకుళం తీరంనుంచి వలలు పట్టుకుని వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. తండ్రికి ఒక డుంగీ ఉంది. డుంగీ అంటే మా దగ్గర చిన్న చేపల పడవ. నూకరాజు బడికి వెళ్లేముందు తండ్రితో వేటకు వెళ్లి, స్నానం చేసి, ఇంకా ఉప్పు వాసన కొడుతూనే క్లాసులో కూర్చునేవాడు.

ఆ ఏడాది మద్రాసులో బడిపిల్లల పోటీకి మా టీము ఓడ మీద వెళ్లాల్సి ఉంది. బాగా ఆడినవాళ్లకు అక్కడి స్పోర్ట్స్ హాస్టల్లో సీటు ఇస్తారని చెప్పుకునేవాళ్లు. ఓడ ఇంకో పదిరోజులకు ఉందనగా పక్కనున్న చౌల్దారీ ఊరి కుర్రాళ్లతో ప్రాక్టీసు మ్యాచ్ పెట్టారు. బంతి కోసం నూకరాజు ముందుకు దూకాడు. ఎదుటివాడి మోకాలు వాడి కణతకు తగిలింది. పడ్డాడు, వెంటనే లేచాడు, బంతి కూడా వదల్లేదు. నేను వెళ్లేసరికి స్కోరెంత అని అడిగాడు. చెప్పాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. మూడోసారి అడిగేసరికి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. మొహం మీద నీళ్లు కొట్టి మళ్లీ దింపడం ఆ రోజుల్లో మామూలు. నేను ఒప్పుకోలేదు. ఇది మాత్రం గొప్పకు చెప్పడం లేదు. ఎవర్ని అడిగినా ఇదే చెబుతారు.

ఆస్పత్రిలో డాక్టరుగారు చూసి ఎముకకు ఏమీ కాలేదన్నారు. సింప్టమ్స్, అంటే ఆ తలనొప్పీ తిరుగుడూ, పూర్తిగా పోయేదాకా విశ్రాంతి. పోయాక పరుగెత్తించి చూడాలి. అప్పటికీ అవి మళ్లీ రాకపోతేనే ఆట. రోజూ మైదానానికి వెళ్లేది నేనే కాబట్టి చూడటం నా పని, ఏదైనా తేడా కనబడితే కబురు చెయ్యమన్నారు. ఆ మాటతో నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

నాలుగైదు రోజుల తర్వాత నూకరాజు మైదానానికి వచ్చి ఏమీ లేదన్నాడు. తలనొప్పి లేదు, చక్కర్ లేదు, అంటే తల తిరగడం కూడా లేదు. నేను నా విద్యంతా చూపించాను. బ్యాలెన్స్ టెస్ట్ అని ఒకటుంది. ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు ఆనించి, చేతులు నడుం మీద పెట్టి, కళ్లు మూసుకుని నిలబడాలి. మెదడు కుదురుగా లేనివాడు తూలతాడు. నలుగురూ చూస్తున్నారు కదా అని, ఒక్కణ్ని నిలబెడితే ఏం బాగుంటుందని టీమునంతా వరసగా నిలబెట్టాను. కెప్టెను తూలాడు. ఇద్దరు నవ్వి పడిపోయారు. పక్కన నిలబడి చూస్తున్న పీటీ సార్ తనూ ప్రయత్నించి కొబ్బరిమట్ట మీద కూలబడ్డారు. నూకరాజు మాత్రం పాతేసిన గుంజలా నిలబడ్డాడు.

“వీడు తప్ప మీకందరికీ కంకషన్ ఉంది” అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడు ఆడొచ్చని పీటీ సార్‌కు చెప్పేశాను. పరుగెత్తించి చూడాలన్నది కూడా రేపు చూద్దాంలే అనుకున్నాను.

మేముండేది డాలీగంజ్‌లో. నూకరాజు వాళ్లమ్మ నరసమ్మ గంపతో మా వీధికి చేపలు తెస్తుంది. ఆ మర్నాడు సువార్త గుమ్మంలో కూర్చుని చేప మొప్పలెత్తి చూస్తోంది. నరసమ్మ నన్ను చూసి కొడుక్కి నయమైందని చెప్పినందుకు దండం పెట్టింది. తర్వాత గంప సర్దుకుంటూ అంది.

“మరొకటి బాబూ. ఆడికి సముద్రం పడ్డం నేదు. డుంగీ ఎక్కితే వాంతులే. వాళ్లయ్య ఏడిపిస్తన్నాడు, ఏట్రా, మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన బాబువా అని.”

మెయిన్‌లాండ్‌నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఓడలో దేవుణ్ని తలుచుకుంటూ బకెట్టు పట్టుకుని కూర్చుంటారు. అది మాకు పాత హాస్యం. కాని నూకరాజు నడక రాకముందే డుంగీలో పాకినవాడు. ఎప్పటినుంచి అని అడిగాను. దెబ్బ తగిలిన మర్నాటినుంచి అంది. తెల్లవారుతున్న ఎండను కూడా చూడలేక తువ్వాలు కప్పుకుని పడుకుంటున్నాడట. చేప కొనుక్కోండమ్మా, బరువుగా ఉంది గంప అని సువార్తతో అని, ఆ మాట అక్కడితో వదిలేసింది.

నాకు అప్పుడు వెలిగింది. కదిలే పడవలో నిలబడి వల విసిరేవాడికి నేల మీద కళ్లు మూసుకుని నిలబడటం ఒక పరీక్షా? మెదడు సగం పనిచేసినా వాడి కాళ్లు వాడిని నిలబెడతాయి. వాడి బ్యాలెన్స్‌ను కెప్టెను బ్యాలెన్స్‌తో పోల్చి నేను సంబరపడ్డాను. పైగా విశ్రాంతి అని డాక్టరుగారు చెప్పిన మాటను ఆ ఇంట్లో ఆటకు విశ్రాంతి అనే అర్థం చేసుకున్నారు. వేటకు వెళ్లొద్దని విడిగా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ని నేనే.

సాయంత్రం డైరీ ఫార్మ్‌కు బయల్దేరాను. పీటీ సార్ కూడా తన స్కూటరు మీద నన్ను ఎక్కించుకుని వచ్చారు. నిన్న ఫిట్ అన్నావు, ఇవాళ కాదంటున్నావు, పేర్లు పంపేశానయ్యా అని దారి పొడుగునా హిందీలో సణుగుతూనే ఉన్నారు. ఇంటి ముందు నూకరాజు తండ్రితో కలిసి వల బాగుచేస్తున్నాడు. మమ్మల్ని చూడగానే లేచి, టీక్ హూఁ, బాగానే ఉన్నాను అన్నాడు, అడక్కముందే. నేను టార్చి తీశాను. కంటిపాపలు మామూలుగా ఉన్నాయి. వేలు కదిలించి చూశాను. బాగానే చూశాడు. పీటీ సార్ గడప మీద కూర్చుని మా ఇద్దరినీ కాసేపు చూశారు. తర్వాత, ఈసారి ఓడ తప్పినా వచ్చే ఏడు గోలీ జాగా నూకరాజుదే, ఈ మాట రేపు టీమందరి ముందూ చెబుతాను అన్నారు. అదంతా తర్వాత మాట్లాడుకోవచ్చు సార్ అని నేను ఆయన్ని ఆపి, అసలు ప్రశ్న వేశాను.

“డుంగీ ఎక్కితే ఏమవుతోందిరా?”

నూకరాజు వల కింద పెట్టాడు. మొత్తం చెప్పాడు. అల లేచినప్పుడల్లా లోపల ఇంకేదో ఆలస్యంగా లేస్తోందట. క్లాసులో బోర్డు మీది అక్షరాలు కాసేపటికి కదులుతున్నాయట. నిన్న ఆడొచ్చన్నాక గోల్లో నిలబడితే, బంతి వస్తుంటే రెండోసారి కన్నార్పేసరికి మీద పడుతోందట. చెబుతుంటే నరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తండ్రి, ఏడిపించిన మనిషి, తల వంచుకుని వల ముడులు విప్పుతూ కూర్చున్నాడు.

డాక్టరుగారు మర్నాడు చూసి ఓడ వద్దు, డుంగీ వద్దు, బంతి వద్దు అన్నారు. ఓడ బయల్దేరిన రోజు నూకరాజు జెట్టీకి రాలేదు. నేనూ రమ్మనలేదు. మావాళ్లు మద్రాసులో మొదటి మ్యాచే ఓడి తిరిగొచ్చారు. అది నూకరాజు బదులు వెళ్లిన రెండో గోలీ తప్పు కాదు. ఎదుటివాళ్లు మరీ గట్టివాళ్లు.

తర్వాత మెల్లిగా కోలుకున్నాడు. ముందు నడక, తలనొప్పి రాకపోతే పరుగు, ఆ తర్వాత ఎవరూ మీద పడకుండా బంతి పట్టడం. ఎక్కడైనా తల బరువెక్కితే ఒక మెట్టు వెనక్కి. ఈసారి నేను ఏదీ రేపటికి వదల్లేదు. అన్నీ అయ్యాక చివరి పరీక్ష సముద్రం. వాళ్ల నాన్న డుంగీలో నేనూ ఎక్కాను. ఆ రోజు అలలు రెండంతస్తుల మేడంత ఎత్తున లేచాయి. నూకరాజు పడవ కొన మీద నిలబడి వల విసురుతూ పాట పాడాడు. నేను పడవ అంచు పట్టుకుని లోపలున్నదంతా బంగాళాఖాతానికి ఇచ్చేశాను.

అలలు మేడంత ఎత్తు లేవు. నిజానికి ఆ ఉదయం సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. అయినా వాంతి చేసుకున్నది నేనే. ఈ దీవుల్లోనే పుట్టాను, చెప్పుకోవడానికి సిగ్గే. నూకరాజు నవ్వాడు. నవ్వుతూ నా మొహం కడిగాడు. ఒడ్డుకొచ్చాక వాడు ఆడొచ్చని చెప్పాను. మరుసటి ఏడు ఓడెక్కాడు, ఆడాడు. హాస్టలు సీటు రాలేదు గాని, తల బాగానే ఉంది.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. ఆటగాణ్ని పక్కవాడితో పోల్చి నయమైందనకూడదు. దెబ్బకు ముందు వాడెలా ఉండేవాడో దానితోనే పోల్చాలి. ఇప్పుడు దాన్ని బేస్‌లైన్ అంటున్నారు. నేను ఆ తర్వాత ప్రతి సీజను మొదట్లో పిల్లలందర్నీ ఒకసారి చూసిపెట్టుకునేవాణ్ని, ఇంట్లోవాళ్లు ఏం పని చేయిస్తారో అడిగేవాణ్ని. సరైన మనిషిని సరైన ప్రశ్న అడిగితే దాచినవాడు కూడా చెబుతాడని, డుంగీ ప్రశ్నతో నూకరాజును పట్టుకున్న రోజు నాకు తెలిసింది.

నూకరాజు ఇప్పుడు ఫెర్రీబోటు నడిపే సరంగు. మొన్న ఆదివారం మేము చర్చినుంచి వచ్చేసరికి చేప పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. వాడు తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. అందుకని ఇదంతా నేనే చదివి వినిపించాను. మేడంత అలల దగ్గర నవ్వాడు. చివరికొచ్చేసరికి నవ్వడం మానేశాడు.

“నువ్వు పట్టుకోనేదు బాబాయ్. మా అమ్మా పట్టుకోనేదు. పాసిపోయిన కూర తిన్నాను, అందుకే వాంతులు అని చెప్పేద్దామని రెడీగా ఉన్నాను. నువ్వు ఎన్ని టార్చీలు వేసినా, డుంగీ గురించి అడిగినా, టీక్ హూఁ అనే అనేవోణ్ని. ఓడెక్కేసేవోణ్ని. ఆ రెండోవోడు ఒక్కసారి గోల్లో నిలబడితే నా జాగా పోయినట్టే అని భయం నాకు. పీటీ సార్ జాగా నీదే అన్నారు. అందుకు చెప్పాను. నువ్వేమో ఆయన్నే నోరు మూయించావు. రాస్తే అది రాయి.”