తల ఎత్తని రోజు

ఆ ఇనుప షెడ్డులో అందరూ ఆయన్ని చెవులాయన అనేవారు. ముప్పై ఏళ్ల సర్వీసులో సంపాదించుకున్న బిరుదు అది. నెత్తి మీద క్రేన్ బరువు మోస్తుంటే, గొలుసు తెగేముందు సన్నగా కీచుమంటుంది. అంత రొదలోనూ అది ఆయనకు వినపడేది. చేతిలో పని ఆపి తల ఎత్తేవాడు. అంతే, కింద ఉన్నవాళ్ళంతా పరుగో పరుగు. అలా రెండుసార్లు మనుషుల్ని బతికించాడు.

దాంతో షెడ్డుకి ఒక పాడు అలవాటు పట్టుకుంది. పైకి చూడాల్సిన వాళ్ళు అది మానేసి ఆయన వంక చూడటం మొదలుపెట్టారు. వాళ్ళలో మొదటివాడు ఆయన తోడల్లుడు. వెల్డింగ్ పని, నోరు తెరిస్తే వేళాకోళం. "మా అన్నయ్య ఉండగా సైరన్ దేనికండీ, కరెంటు దండగ!" అని సూపర్‌వైజర్‌నే ఆటపట్టించేవాడు. చెవులాయన పైకి కసురుకున్నా లోపల పొంగిపోయేవాడు. పిచ్చి మనిషి!

ఆ రొదే చివరికి చెవుల్ని తినేసింది. మొదట గోడ గడియారం చప్పుడు పోయింది, తర్వాత కుక్కర్ కూత.

"ఏమండీ, ఆఫీసులో చెప్పెయ్యండి. మీ మీదే కదా అందరి నమ్మకం" అని భార్య చెవిలో పోరింది.

"చెబుతాలేవే, రేపు" అన్నాడు.

చెవులు పోయిన చెవులాయన్ని ఎవరు లెక్కచేస్తారు? పోనీ తోడల్లుడికైనా చెప్పాల్సింది. వాడి ముందు చిన్నబోవడానికి మనసొప్పలేదు. రేపు, రేపంటూ ఎనిమిది నెలలు నెట్టుకొచ్చాడు.

ఆ మధ్యాహ్నం ఆయన వంగి బోల్టు బిగిస్తున్నాడు. కాళ్ళ కింద నేల అదిరింది. తల ఎత్తేసరికి తెగిన గొలుసు ఊగుతోంది. కింద ఇనుప దూలం, దాని కింద తోడల్లుడు. పక్కవాడు ఆయన భుజాలు పట్టుకుని అరిచాడు. "గొలుసు ఎంతసేపు కీచుమందో! వాడు మీ వంక చూశాడు. మీరు తల ఎత్తలేదని మళ్ళీ పనిలో పడ్డాడు!"

నాలుగు రోజుల తర్వాత భార్యతో కలిసి మరదలి ఇంటికి వెళ్ళాడు. నిజం చెప్పెయ్యాలనే బయల్దేరాడు, దారంతా మాటలు కూడబలుక్కున్నాడు. తీరా ఆమె ముఖం చూశాక చూపు పక్కకు తిప్పేశాడు. గట్టు మీద తోడల్లుడి టిఫిన్ డబ్బా కడిగి బోర్లించి ఉంది. మరదలు ఏదో అడిగింది. పెదాలు కదలడమే కనిపించింది ఆయనకు. ఊరికే తల ఊపాడు. ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ ఊపాడు.

భార్య ఆయన చెవికి నోరు ఆనించి అరిచింది. "ఆ రోజు మీరు తల ఎందుకు ఎత్తలేదని అడుగుతోందండీ!"

అప్పటికే మరదలు ఆయన్ని వదిలేసి అక్క వంక చూస్తోంది.

"అక్కా, నీకు తెలుసా?"

ఆ మాట మాత్రం ఆయనకు పెదాల మీదే అర్థమైంది. భార్య తల దించుకుంది.