ఊపిరి తీసుకునే మూతలు

కరోనాకు ముందటి వేసవి, అంటే ఇక్కడి లెక్కలో డిసెంబరు. పెర్త్‌లో హారిస్‌డేల్ అనే పేటకు పది నిమిషాల దూరంలో ఉన్న ఒక హోమ్‌బ్రూ సరుకుల దుకాణంలో నేను కొనుగోలు అధికారిని. సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారుచేసుకోవడం ఈ దేశంలో చట్టం ఒప్పుకున్న సరదా. దానికి కావలసిన మాల్టు, ఈస్టు, పులియబెట్టే డ్రమ్ములు, సీసాలు మేం అమ్మేవాళ్లం. హోదాలో నాకు పైన మేనేజరు ఒక్కడే. నాతో సమానంగా స్టోర్స్ ఇన్‌చార్జి జ్యోతి. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. తెనాలిలోని బంధువులకు మాత్రం నేను ఆహార పరిశ్రమలో ఉన్నానని చెప్పుకునేవాణ్ణి. అబద్ధం కాదు, కాస్త తూకం తగ్గిన నిజం.

బీరు చెడిపోయేది ఎక్కువగా శుభ్రత దగ్గరే. డ్రమ్ములోనో గొట్టంలోనో మిగిలిన ప్రతి క్రిమీ ఈస్టుతో పాటు విందుకు కూర్చుంటుంది. అందుకని కడిగిన సామానంతా శానిటైజర్ ద్రావణంతో తడపాలి. ఇది చేతులకు రాసుకునే రకం కాదు. మా దగ్గర ఉన్నవాటిలో ఘాటైనది పెర్‌ఎసిటిక్ యాసిడ్. వెనిగర్‌లోని ఆమ్లానికీ హైడ్రోజన్ పెరాక్సైడ్‌కూ పుట్టిన బిడ్డ అనుకోవచ్చు. కొద్ది మిల్లీలీటర్లు బకెట్టు నీళ్లలో కలిపితే చాలు. చిక్కగా ఉన్నప్పుడు చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది. నిల్వ ఉన్నంతకాలం కొద్దికొద్దిగా విడిపోతూ ఆక్సిజన్ వదులుతుంది. ఎండ తగిలితే మరీనూ. ఇదంతా సరుకుతో వచ్చిన కాగితంలో ఉంది. నేను ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టాను, చాలా చక్కగా.

ఆ నవంబరులో కొత్త సరఫరాదారు నుంచి నాలుగు అట్టపెట్టెలు వచ్చాయి, పెట్టెకు పన్నెండు లీటరు ప్లాస్టిక్ సీసాలు. ఒక పెట్టె అడుగు తడిసి ఉంది. చూస్తే ఒక సీసా దారిలో ఒరిగి మూతలోంచి కారింది. ప్రతి మూతకూ నడుమ సూదిమొనంత రంధ్రం. నేను నూనె కొట్టులో పెరిగినవాణ్ణి. మా నాన్న డబ్బా కొనేముందు దాన్ని పాత కాగితం మీద పక్కకు ఒరిగించేవాడు. కాగితం మీద మచ్చ పడితే ధర పడాల్సిందే. కారే మూతంటే తరుగు, తరుగంటే బేరం. సరఫరాదారు ప్రతినిధికి ఫోన్ చేశాను. గాలి పోవడానికి ఆ మూతల్ని కావాలనే అలా చేస్తారని అతను చెప్పాడు. లోపాన్ని గుణంగా చెప్పి అమ్మడం నేను ఉయ్యాలలోంచి వింటున్న విద్య. అరగంట పట్టుబట్టి ధర తగ్గించాను. అక్కడితో ఆగితే బాగుండేది. గోదాములో పడి ఉన్న గట్టి మూతలు తెచ్చి నలభై ఎనిమిది సీసాలకూ నా చేత్తో బిగించాను. నా మణికట్టు బలం మీద నాకు అప్పట్లో కొంత గర్వం ఉండేది.

జ్యోతి అప్పుడు రెండు వారాల సెలవులో వరంగల్‌లో ఉంది. తిరిగి వచ్చిన గురువారం బయట ఎండ నలభై దాటింది. మధ్యాహ్నం ఆమె అరల మధ్య నిలబడి ఒక సీసా వైపు తల వంచి చూస్తోంది. సీసా పొట్ట గుండ్రంగా ఉబ్బి ఉంది.

"అంకుల్, ఈ మూతలు ఎవరు మార్చిన్రు?"

"నేనేనమ్మా. కారుతున్నాయిగా."

"కారుతలేవు అంకుల్, ఊపిరి తీస్కుంటున్నయి. మీరు వాటి ముక్కు మూసిన్రు." ఆ మాట అంటూనే నా మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది. "ఎన్ని అమ్మిన్రు?"

పదిహేడు అని చెప్పాను. నేను సిద్ధం చేసుకున్న సంజాయిషీ వినడానికి ఆమె ఆగలేదు. దుకాణం ఖాళీ చేయించి, షట్టరు ఎత్తించి, ముఖానికి అడ్డు, చేతులకు పొడవాటి రబ్బరు తొడుగులు, రబ్బరు ఏప్రాన్ వేసుకుంది. ఒక్కో సీసానూ చల్లని నీళ్ల తొట్టిలో నిలబెట్టి, చల్లబడ్డాక మూతను పావు వంతు తిప్పి ఆగేది. బుస్సుమని గాలి పోయేది. శబ్దం పూర్తిగా ఆగితేగాని మళ్లీ తిప్పేది కాదు. రెండు సీసాలయ్యాక ఆ పనిని అదే కవచంతో మేనేజరుకు అప్పగించి, అమ్మిన పదిహేడింటి వైపు తిరిగింది.

బిల్లింగ్ కంప్యూటరులో పదహారు మంది ఫోన్ నంబర్లు దొరికాయి. మొదటి ఫోను నేను చేయబోయాను. మర్యాదగా మొదలుపెట్టాను: మేం ఫలానా దుకాణం వాళ్లం, ఈమధ్య మీరు కొన్న ఒక వస్తువు విషయంలో చిన్న అసౌకర్యం... జ్యోతి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఆ సీసా ముట్టుకోకండి, మూత తిప్పకండి. ఆ గదిలోంచి బయటికి వచ్చెయ్యండి. మేమే వస్తం." మేం ఎవరమో అవతలివాళ్లకు తెలిసింది ఆ తర్వాతే, క్షమాపణ అంతకంటే తర్వాత. ఇంగ్లీషులోనూ అదే వరస. ఫోన్ పెట్టేశాక నాతో అంది: "మీరు సారీ చెప్తుంటే వాళ్లు మూత తిప్పుకుంటనే వింటరు అంకుల్."

పదహారు మందీ దొరికారు. పదిహేడో మనిషి పేరు లేదు. ఆయన మాత్రం నాకు బాగా గుర్తు. మా సభ్యత్వ కార్డు తీసుకోకుండానే కార్డు ఉన్నవాళ్లకిచ్చే తగ్గింపు నా దగ్గర పిండుకున్న తెలుగాయన. నన్ను బేరంలో ఓడించినవాళ్లను నేను మరిచిపోను. హారిస్‌డేల్‌లో ఉంటానన్నాడు, అంతే. జ్యోతి సీసా ఫోటో తీసి, ఆ మూడు వాక్యాలే రాసి, అక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పైన "ఆందోళన చెందవలసిన పనిలేదు" అని చేర్చమన్నాను. "పనిలేదని మీకెవరు చెప్పిన్రు?" అంది.

పావుగంటలో ఒకావిడ ఫోన్ చేసింది. జ్యోతి స్పీకరు పెట్టింది.

"ఆ సీసా మా ఇంట్లో ఉందమ్మా. ఆయన గరాజ్‌లోనే ఉన్నారు. మూత రావట్లేదని ఇప్పుడే పట్టకారు పట్టుకెళ్లారు."

జ్యోతి గొంతు మారలేదు. "ఆంటీ, అంకుల్‌ని ఇప్పుడే బయటికి పిలవండి. ఎందుకో తర్వాత చెప్త."

"ఏవండీ, ఒకసారి ఇలా రండి."

దూరం నుంచి జవాబు: "ఉండవే, పనిలో ఉన్నా."

"మీ పెద్దక్కయ్య ఫోను."

చెప్పుల చప్పుడు దగ్గరకొచ్చింది. "అక్కా, బాగున్నావా?"

"అక్కను కాదు అంకుల్, చెల్లె అనుకోండి. ఆ పట్టకారు కింద పెట్టి, గరాజ్ తలుపు దగ్గరికేసి రండి."

మేం వెళ్లేసరికి ఆయనా భార్యా ఇంటి ముందు నీడలో నిలబడి ఉన్నారు. గరాజ్‌కు పడమటి ఎండ. బల్ల మీద సీసా పొట్ట బంతిలా ఉంది, మూత మీద పట్టకారు పళ్ల గాట్లు. ఆయన కళ్లకు చదువుకునే అద్దాలు తప్ప ఏమీ లేవు. గాలి పోయేలా తలుపు బార్లా తెరిచి, మరో జత కవచం వేసుకుని, జ్యోతి సీసాను మేం తెచ్చిన చల్లని నీళ్ల తొట్టిలోకి దించి, నలభై నిమిషాలు చల్లబడనిచ్చింది. నేను రెండుసార్లు తొందరపెట్టాను, ఆమె వినిపించుకోలేదు. పావు వంతు తిప్పగానే వచ్చిన బుసకు ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. అది ఆగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత రంధ్రమున్న మూత పెట్టి, నిటారుగా, నీడలో, బ్లీచుకు దూరంగా ఉంచమని, ఇంకో సీసాలోకి ఒంపవద్దని, నీళ్లలో కలిపింది ఆ రోజుకే వాడి పారబోయమని చెప్పింది.

ఆయన నా వైపు తిరిగి, "ఇంత హడావిడి చేశారుగా, ఇంకో సీసా ఊరికే ఇస్తారా?" అన్నాడు. ఇస్తానన్నాను. బేరం లేకుండా నేను ఒప్పుకున్న సందర్భాలు నా ఉద్యోగంలో ఎక్కువ లేవు.

మర్నాటికి మిగతా పదహారూ వెనక్కి వచ్చాయి. ఎవరికీ ఏమీ కాలేదు. సంఘటన నివేదికలో కారణం అన్న గడిలో నా పేరు రాశాను. అప్పటి నుంచి రసాయనాల కొనుగోలుకు జ్యోతి సంతకం తప్పనిసరి చేశారు. అది సరైన నిర్ణయం.

మూతల సంగతి ఆ కాగితం చదివి ఉంటే ముందే తెలిసేది. కాగితంలో లేనిది జ్యోతి ఫోన్లో మాట్లాడిన వరస. ప్రమాదం గురించి చెప్పేటప్పుడు మొదటి వాక్యంలో అవతలివాడు చేయాల్సిన పని ఉండాలి. మనం ఎవరం, తప్పెవరిది, ఎంత చింతిస్తున్నాం అన్నవి ఆ పని జరిగాక చెప్పుకోవచ్చు. పదవీ విరమణ దాకా నేను రాసిన ప్రతి హెచ్చరికనూ అలాగే మొదలుపెట్టాను.