పాస్‌వర్డ్‌ల పుస్తకం

ఆ వీధుల్లో వైఫై బిగించే మనిషిని చిన్నాపెద్దా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఇరవై ఏళ్లు టీవీ కేబుళ్లు లాగి, ఆ పని చల్లబడ్డాక ఇందులోకి దిగాడు. పనిమంతుడే. కంపెనీవాళ్లు డబ్బాతో పాటు ఇచ్చే పాస్‌వర్డ్‌ను ఒక్క గంట కూడా ఉండనిచ్చేవాడు కాదు. "అలా వదిలేస్తే తాళంచెవి తలుపుకే తగిలించి పోయినట్టు," అని మందుల షాపాయన నుంచి ట్యూషన్ మాస్టారి దాకా అందరికీ క్లాసు పీకేవాడు. అందరూ బుద్ధిగా తలలూపేవాళ్లు. వారం తిరక్కుండా కొత్తది మరిచిపోయి ఆయనకే ఫోన్ చేసేవాళ్లు.

అందుకని ఆయన ఓ నోటుపుస్తకం పెట్టాడు. ఏ ఇంటిది ఏ పాస్‌వర్డో గుండ్రటి అక్షరాల్లో రాసుకునేవాడు. ఎవరడిగినా చిటికెలో చెప్పేవాడు. "మీ అందరి మతిమరుపుకీ మందు నా సంచిలో ఉంది," అని మురిసిపోయేవాడు. లోకానికంతా జాగ్రత్తలు చెప్పే మనిషికి తన సంచి సంగతి మాత్రం తట్టలేదు.

బట్టలు కుట్టే ఒకావిడ కూతురితో రెండు గదుల వాటాలో దిగింది. భర్త దెబ్బలకు తాళలేక వచ్చేసిందని బాబాయికి తెలియదు. ఆవిడ చెప్పలేదు, ఈయన అడగలేదు. వైఫైతో పాటు గుమ్మానికి ఒకటి, మిషన్ గదిలో ఒకటి కెమెరాలు కావాలంది. అన్నింటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి, అలవాటుగా పుస్తకంలో రాసుకున్నాడు.

నెల తర్వాత ఒకతను బాబాయ్ షాపుకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. "మా ఆవిడ పాస్‌వర్డ్ మర్చిపోయింది బాబాయ్. మీ పుస్తకంలో ఉంటుంది, అడగమంది." ఫోన్లో భార్యాబిడ్డలతో దిగిన ఫోటో కూడా చూపించాడు. బాబాయ్ పుస్తకం తీసి చదివాడు. తప్పు పోకుండా రెండుసార్లు చదివాడు పాపం.

పదిహేను రోజులకు ఆవిడ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను ఎన్నింటికి బయటికెళ్తున్నానో, పాపతో ఏం మాట్లాడుతున్నానో అన్నీ మా ఆయన ఫోన్ చేసి అప్పజెబుతున్నాడు. మీరు ఎవరికైనా చెప్పారా బాబాయ్?"

ఎవడో వైఫైలోకి దొంగచాటుగా చొరబడి ఉంటాడని ఒక్క మాట అంటే ఆవిడ నమ్మేసేదే. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"చెప్పానమ్మా. మీ ఆయనే కదా అని నేనే చెప్పాను."

ఆవిడ అరవలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని ఆయన ఇప్పటికీ అనుకుంటాడు. "నన్నొక్క మాట అడగాల్సింది," అంది, అంతే.

సంచి భుజాన వేసుకుని ఆవిడ వెనకే వెళ్లాడు. పాతవన్నీ చెరిపేసి, కొత్త పాస్‌వర్డ్ ఆవిణ్నే కొట్టమని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వెనక టక్‌టక్‌మని చాలాసేపు వినిపించింది. "పుస్తకం ఇవాళే చింపేస్తానమ్మా," అన్నాడు గోడతో.

నాలుగు రోజులాగి, అంతా సరిగా ఉందో లేదో చూద్దామని వెళ్తే వాటాకి తాళం. ఇంటి ఓనరు తలుపు తీసి చూపించాడు. ఎక్కడికని చెప్పకుండా ఖాళీ చేసిందట. గోడకున్న మేకులు కూడా పీక్కుపోయింది. బాబాయ్ బిగించిన డబ్బానూ, రెండు కెమెరాలనూ మాత్రం ముట్టుకోలేదు. ఆ ఖాళీ గదిలో ఆయన చతికిలబడి, ఓనరు చూస్తున్నాడని కూడా లేకుండా ఏడ్చాడు.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. నలభై మూడు ఇళ్లు, పదకొండు షాపులు. అన్నిచోట్లా పాస్‌వర్డ్ మార్చాల్సిందేనని పట్టుబట్టాడు. మందుల షాపాయన విసుక్కున్నాడు.

"బాగానే పనిచేస్తోంది కదా బాబాయ్. దొంగలెవరికైనా తెలిసిపోయిందా ఏంటి?"

"నాకు తెలుసు కదా," అన్నాడు బాబాయ్. "అది చాలు."