తుమ్మితే కుక్కకూ నీళ్లే

తెలంగాణ రావడానికి ఒకటి రెండేళ్ల ముందు సంగతి. అశోక్ నగర్‌లో ఒక ఇంటి పై అంతస్తులో అమ్మ, నాన్న, నేను కిరాయికి ఉండేవాళ్లం. లోయర్ ట్యాంక్ బండ్ రోడ్డు పక్కన, బండ్ల మధ్య వణుకుతున్న కుక్కను నేనే ఇంటికి తెచ్చాను. అబ్బో, ఎంత పిరికిదో! కుక్కర్ విజిల్ వేస్తే మంచం కిందికి దూరేది. బయట తిప్పుకొద్దామని గొలుసు తీస్తే చాలు, తోక కాళ్ల మధ్య పెట్టుకుని గడప దగ్గరే ఉచ్చ పోసేసేది.

అక్కడితో ఆగితే గొడవే లేదు. ఆ ఉచ్చ మెట్ల మీదుగా కారి, కింద ఓనరమ్మ వేసుకున్న ముగ్గులో కలిసేది. ఒకరోజు ఆవిడ చీపురు పట్టుకునే పైకొచ్చింది.

"ఇంకొక్కసారి నా ముగ్గు ఖరాబైతే కుక్కనన్న పంపుండ్రి, ఇల్లన్న ఖాళీ చేయుండ్రి," అంది.

నాన్న ఇల్లు ఖాళీ చేస్తాడా? పోయేది కుక్కే. దాని భయం పోగొట్టే పనిలో పడ్డాను. గొలుసు చప్పుడుకు జడుస్తోందని గుడ్డతాడు పేనాను. అలవాటవ్వాలని ఆ తాడును దాని అన్నం గిన్నె పక్కనే పడేసి ఉంచాను. మీదికి వంగకుండా, పక్కన కూర్చుని, దాని మొహం కూడా చూడకుండా కట్టేవాణ్ణి. వణుకు తగ్గింది! తోక కూడా కాస్త లేచింది! అయినా గడప దగ్గరకు రాగానే షరా మామూలే. నాకైతే పిచ్చెక్కిపోయింది.

అసలు తిరకాసు మా ఇంట్లోనే ఉంది. పొద్దున లేస్తే నాన్నకు తుమ్ములు. ఎవరైనా బయల్దేరేటప్పుడు తుమ్ము వినపడితే అమ్మ గడప దాటనివ్వదు. వెనక్కి వచ్చి కూర్చుని, నీళ్లు తాగి, అప్పుడు వెళ్లాలి. నాకు గ్లాసు, కుక్కకు గిన్నె!

"దానిది మాత్రం పాణం కాదా? తాగనియ్యి," అనేది.

రాత్రంతా బిగబట్టుకున్న కుక్క. ఆపైన తాగించిన గిన్నెడు నీళ్లు. పైగా తలుపు దాకా వచ్చి మళ్లీ వెనక్కి. ఏం చేస్తుంది పాపం! ఇది తట్టినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అమ్మా, రేపు ఎవలు తుమ్మినా దాన్ని ఆపకు. నీకు దండం పెడ్త," అన్నాను.

"అపశకునం రా! ఏ బండి కిందనన్న పడితే?"

"ఆపితే మళ్ల ఆ బండ్ల నడుమకే పోతది."

అమ్మ కుక్క వైపు చూసుకుంటూ వంటింట్లోకి వెళ్లింది.

మర్నాడు తాడు కట్టాను. కుక్క లేచి, ఆవలించి, బుద్ధిగా నాతో తలుపు దాకా నడిచింది. నా కాలు గడప దాటిందో లేదో, లోపలి నుంచి నాన్న "హాచ్!" అన్నాడు. అమ్మ చెయ్యి నీళ్ల చెంబు మీదికి పోయింది. కుక్క అమ్మవైపు చూసింది.

"పో రా, పో! ఆగకు!" అమ్మ చెంబు వదిలేసి నన్ను బయటికి తోసింది.

మెట్లన్నీ ఒకటే పరుగు! ముగ్గును దాటి ఒక్క దూకు! ఎదురుగా కరెంటు స్తంభం దగ్గర అది ఆగింది. కూర్చుంది. పోసింది! ఎంతసేపు పోసిందో! నేను ఎగురుతుంటే, ఎదురు హాస్టల్ బాల్కనీలో పళ్లు తోముకుంటున్న పిల్లలు బ్రష్షులు పట్టుకునే ఈలలు వేశారు.

పైన పిట్టగోడ మీదికి వంగి అమ్మ గల్లీ అంతా వినేలా అరిచింది. "పోసిందా?"

నేను నోరు తెరిచేలోపే, ముగ్గు గిన్నె పట్టుకుని నిలబడ్డ ఓనరమ్మ తలెత్తి జవాబిచ్చింది.

"పోసిందక్కా! బయటనే పోసింది! ఉండనియ్యి ఇగ."