యకుషిమా పొగమంచులో పిలిచిన గొంతు

మా నాన్నగారు రాజోలు దగ్గర పాస్టరు. దయ్యం పట్టిందని ఎవరినైనా ఇంటికి తీసుకొస్తే ప్రార్థన చేసి పంపేవారు. నేను మాత్రం డాక్టరుకి చూపించమనేవాణ్ణి. ఇప్పటికీ అదే మనిషిని. అందుకే ఇది చెప్పడానికి ఇన్నేళ్ళు వెనకాడాను.

ప్రపంచకప్పు కోసం ఖతర్ అంతా తవ్విపోసిన రోజులవి. దోహాలో ఒక స్టేడియం పైకప్పు ఉక్కు పనికి నేను డ్రాయింగులు గీసేవాణ్ణి. నా పక్క టేబులు మొరితా అనే జపాన్ ఇంజనీరుది. పెద్దాయన, మితభాషి. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది.

"మీ ఊరు ఎప్పుడూ వెళ్తావుగా. ఈసారి నాతో రా, వాన చూపిస్తాను" అన్నారు.

ఇసుక చూసి చూసి విసిగిన నాకు ఆ మాట చాలింది.

జపాన్ దక్షిణ కొసన ఉన్న కగోషిమా రేవు నుంచి పడవలో వెళ్ళాం. యకుషిమా అనే ఆ దీవి సముద్రంలోంచి నిటారుగా లేచిన కొండ. అడవిలో రాళ్ళ మీద, వేళ్ళ మీద, పడిపోయిన మానుల మీద అంతటా నాచే. జింకలు మనుషుల్ని చూసి పక్కకైనా తప్పుకోవు.

మర్నాడు ఉదయం కొండదారి పట్టాం. ముందు రాత్రంతా వాన. పైకి వెళ్ళేసరికి పొగమంచు దిగింది. చాచిన చెయ్యి కనపడనంత. మొరితా గారు ముందు, ఆయన బ్యాగు పట్టుకుని వెనక నేను. ఒకచోట దారి రెండుగా చీలింది. ఆయన ఎడమవైపు అడుగేశారు.

అప్పుడు వినపడింది.

"అన్నా, గటు పోకు! గిటు రా! యల్లా, యల్లా!"

కుడివైపు నుంచి. నడివయసు మగగొంతు. తెలంగాణ యాస, మధ్యలో పద పదమనే అరబ్బీ ముక్క, అచ్చం సైటులో రోజూ వినే మాట. విచిత్రమేమిటంటే ఆ క్షణాన నాకు ఆశ్చర్యం కలగలేదు. మనవాళ్ళెవరో ఉన్నారనుకున్నాను. మొరితా గారూ ఆగి, నాతోపాటే కుడివైపుకి తిరిగారు. గొంతు వెంట నడిచి తారు రోడ్డెక్కాం. అక్కడ ఎవరూ లేరు. ఆయన మంచువైపు తిరిగి నడుం వంచి, వాళ్ళ భాషలో ఏదో అన్నారు. నేనూ "థ్యాంక్స్ అన్నా!" అని అరిచాను.

సాయంత్రం మేం బస చేసిన ఇంటామె చెప్పింది, వానకి ఎడమవైపు దారి తెగి లోయలోకి జారిపోయిందని. మొరితా గారు అది నాకు ఇంగ్లీషులో చెప్పి, టీ కప్పు కింద పెట్టేశారు. ఇండియా వాళ్ళెవరైనా వచ్చారా అని అడిగించాను. తనైతే చూడలేదంది. వచ్చినవాళ్ళంతా ఆమెకి కనపడాలనేముంది అని సరిపెట్టుకున్నాను.

దోహా తిరిగొచ్చాక ఒక శుక్రవారం మొరితా గారు, మా ఫోర్‌మన్ లక్ష్మణ్ అల్ హిలాల్ పేటలో నా గదికి భోజనానికి వచ్చారు. లక్ష్మణ్‌ది జగిత్యాల వైపు. ఆ గొంతు పలికినట్టే పలికి వినిపించాను.

"మావోడే అన్నా, గట్లనే అంటం. జపాన్‌ల గూడ మనోళ్ళున్నరా?" అని నవ్వాడు.

మొరితా గారు ఏమిటని అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తినడం ఆపేశారు.

"మగవాడా? నేను విన్నది ముసలామె గొంతు. మా అమ్మమ్మ ఊరి యాస. నీకు అర్థం కాదని నేనే నిన్ను అటు నడిపించాను."

ఆయనకి తెలుగు రాదు గనుక నేనే ఆయన్ని నడిపించానని అప్పటిదాకా అనుకుంటున్నాను. లక్ష్మణ్ నవ్వు ఆగిపోయింది.

భయంలో నా బుర్రే ఆ పిలుపు కల్పించుకుందా? నేను గోదావరి వాణ్ణి. నా బుర్ర 'అటు' అనాలి గాని 'గటు' ఎందుకంటుంది? సైటులో విన్న యాస పట్టుకుందనుకున్నా, ఇద్దరి బుర్రలూ ఒకేసారి మమ్మల్ని ఒకే వైపు ఎలా తిప్పాయి? దారి తెగిందని ఇద్దరికీ తెలియదే.

మొరితా గారు ఇప్పుడు తన దేశంలోనే ఉన్నారు. ఆ గొంతు సరిగ్గా ఏమందని ఈమధ్య ఫోనులో అడిగాను. చిన్నప్పటి ముద్దుపేరు పెట్టి పిలిచిందన్నారు. ఆ పేరుతో ఎప్పుడో పోయిన అమ్మమ్మ తప్ప ఇంకెవరూ పిలిచేవారు కాదట.

ఆయనకి పిలిచిందెవరో తెలిసింది. నాకు తెలంగాణలో చుట్టాలు లేరు, పోగొట్టుకున్న స్నేహితులూ లేరు. నన్ను అన్నా అన్నది ఎవరో ఇప్పటికీ తెలియదు.