మాల తీసిన మర్నాడు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది, బెల్లం గానుగలు మొదలైన రోజుల్లో, అనకాపల్లిలోని ఒక వ్యసన విముక్తి కేంద్రంలో కౌన్సెలర్‌గా చేరాను. అంతకుముందు ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చేసి, ఆపైన సైకాలజీ చదివాను. మందులు డాక్టరు చూసేవారు. రోగి ఇంటికి వెళ్ళాక ఏం జరగాలో ఇంటివాళ్ళతో కూర్చుని తేల్చడం నా పని. దాన్ని మేం ఇంటి ప్లాను అనేవాళ్ళం. అందులో మూడు ప్రశ్నలు: మత్తును గుర్తుచేసేవి ఏవి, వాటిని దూరం పెట్టేది ఎవరు, కోరిక పుట్టినప్పుడు రోగి ఎవరి దగ్గరికి వెళ్ళాలి. ఆ ఉద్యోగం ఇప్పుడు మానేశాను. ఆ ప్లానులో ఒక ప్రశ్న తక్కువైందని తెలిసిన సందర్భం ఇది.

మా కేంద్రంలో చేరేటప్పటికి గణేష్ ఇంటర్ రెండో సంవత్సరం. హైస్కూల్లో ఉండగానే గంజాయి అలవాటైంది. ఆ వయసులో మెదడంతా ఒకే వేగంతో ఎదగదు. సుఖాన్ని పసిగట్టి మళ్ళీ కావాలనిపించే భాగాలు ముందే చురుకవుతాయి. నుదుటి వెనక ఉండి ఆగమని చెప్పే భాగం ఇరవై దాటాక కూడా తయారవుతూనే ఉంటుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న వయసులో పట్టుకున్న మత్తు పెద్దవాళ్ళలో కంటే గట్టిగా నాటుకుంటుంది.

డిశ్చార్జి అయ్యాక గణేష్, ఇంటివాళ్ళు తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే తండ్రి అప్పలనాయుడు ఉత్సాహంగా మాట్లాడాడు. "మాలేయించేసేం బాబూ. ఇంకేటి బెంగ లేదు."

నాకు బెంగ అప్పుడే మొదలైంది. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, భజన, తోటి స్వాముల సావాసం, పాత స్నేహితులకు దూరం. అయ్యప్ప దీక్షలో ఇవన్నీ మంచివే. కానీ ఇవన్నీ బయటి నుంచి వేసిన బ్రేకులు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రోజున అన్నీ ఒక్కసారే పోతాయి. లోపలి బ్రేకు ఇంకా తయారుకాలేదు. ఇంటివాళ్ళు మాత్రం నయమైపోయిందనుకుని బండి తాళం చేతికిస్తారు.

వాళ్ళ ఊరు వెళ్ళాను. నల్లబట్టల్లో గణేష్ రాగానే తండ్రి వంగి కొడుకు కాళ్ళకు దండం పెట్టాడు. తల్లి రమణమ్మ నవ్వింది. "మొన్న నోరుజారి ఒరే గణేసూ అనేసేనండి. లెంపలేసుకున్నాను."

మాల తీశాక కుర్రాడిని ఎవరు కనిపెట్టుకుని ఉంటారని అడిగాను.

"మా పాప ఉంది కదండీ," అన్నాడు అప్పలనాయుడు తడుముకోకుండా. "ఆడు గుమ్మంలో అడుగెట్టగానే సెప్పేత్తాది."

పాప లావణ్య పదో తరగతి. గుమ్మం దగ్గర లెక్కలు చేసుకుంటోంది. "మా నాన్న నన్ను సీసీ కెమెరా అంటారు సార్," అంది.

"బండి సౌండు ఇని పోల్సేత్తాదండి, తాగొచ్చేడో లేదో," అంది తల్లి గర్వంగా.

అప్పుడే రోడ్డు మీద ఏదో బైకు వెళ్ళింది. లావణ్య పెన్ను ఆగిపోయింది. చప్పుడు పూర్తిగా దూరమయ్యాకే మళ్ళీ కదిలింది. అన్న ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. అయినా ఆగింది.

ఈ ఇంట్లో ఎదుగుతున్న మెదళ్ళు రెండున్నాయని చెప్పాను.

అప్పలనాయుడికి కోపమొచ్చింది. "దానికేటండీ జబ్బు? అదేటైనా తాగుతాందా?"

ఆ వయసు మెదడు రోజూ ఏది చేస్తే దాన్నే నేర్చుకుని ఉంచుకుంటుందని, కొడుకు గంజాయి నేర్చుకుంటే కూతురు భయం నేర్చుకుంటోందని వివరించాను. ఆయన ఒప్పుకోలేదు. బెల్లం గానుగ నడుస్తోంది, పాకం వదిలి ఇంట్లో కూర్చోలేనన్నాడు. మాట వాదనలోకి దిగుతోంది. ఎలా ముగుస్తుందో నాకు తెలియలేదు.

అంతదాకా తల దించుకున్న గణేష్ లేచాడు. "నాన్నా, నానిప్పుడు సామినే కదా? సామి మాట కాదనకూడదు కదా?"

తండ్రి తెల్లబోయాడు. "సెప్పు... సెప్పండి సామీ."

"సెల్లినొగ్గీండి, దాన్ని నాకు కాపలా ఎట్టకండి. నాను వచ్చేదాకా అది పడుకోదు. నన్ను గానుక్కి నీతో తీసుకుపో. బండి మామింట్లో ఎట్టేయండి."

రమణమ్మ కళ్ళు తుడుచుకుంది. "మాల తీసేకా ఇదే మాట మీదుండు సామీ."

మాల తీసిన మర్నాడు సాయంత్రం ఫోన్ చేశాను. గానుగ చప్పుడులో అప్పలనాయుడు అరిచాడు. "ఇక్కడే ఉన్నాడు బాబూ. సిరాగ్గా ఉన్నాడు, పాకం దగ్గర నన్ను తిట్టేడు కూడా. కానీ ఇక్కడే ఉన్నాడు."

ఉగాది ముందు గణేష్ ఒకసారి తప్పి మళ్ళీ గంజాయి తాగాడు. మర్నాడే తండ్రితో కలిసి మా కేంద్రానికి వచ్చాడు. లావణ్య పడుకుంటోందా అని అడిగాను. పడుకుంటోందని, బైకు చప్పుడైతే ఇప్పటికీ లేస్తోందని చెప్పారు. ఆమెను కూడా తీసుకురమ్మన్నాను.

ఆ తర్వాత నా ఇంటి ప్లానులో నాలుగో ప్రశ్న చేరింది. దాన్ని అన్నిటికంటే ముందు అడిగేవాణ్ణి: ఈ ఇంట్లో ఇంకా ఎదుగుతున్న పిల్లలు ఎవరున్నారు, వాళ్ళలో ఎవరిని కాపలా పెట్టారు?