ఒక్క మగబల్లి కోసం

మా పక్కింటి జువాలజీ మేడం ఈ నెల మొదట్లో కన్నుమూశారు. తిరుపతిలో మా వీధివాళ్ళు చాలామందికి ఆమె కాలేజీలో ఏం పాఠాలు చెప్పారో తెలియదు. చిన్నప్పుడు నాయనతో కంచికి పోయి బంగారు బల్లిని తాకి వచ్చారని మాత్రం తెలుసు. మీద బల్లి పడితే, కంచి బల్లిని తాకినవాళ్ళను ముట్టుకున్నా దోషం పోతుందంటారు మా వైపు. అందుకని తలస్నానం చేసి, తడిజుట్టుతోనే వచ్చి ఆమె గేటు ముందు నిలబడేవాళ్ళు.

చెయ్యి ఇచ్చేముందు ఆమె ప్రశ్నలు అయిపోవాలి. "తల మీద పడిందా, భుజం మీద పడిందా నాకొద్దు. ఏ ఊళ్ళో పడింది?" అనేవారు. "దాన్ని పట్టుకోని రా, అప్పుడు ముట్టుకుందువు" అని కొందరిని వెనక్కి పంపేవారు. పాపం, వాళ్ళు హార్లిక్సు సీసాల్లో తెచ్చేవాళ్ళు. మేడం బల్లిని వెల్లకిలా తిప్పి చూసి వదిలేసేవారు. తొడల లోపల చుక్కల వరస ఉంటే అది మగది. ఆమె పక్కన కూర్చుని చూసీ చూసీ నాకు బల్లి అంటే రోత పోయింది.

అలా ఊరూరి బల్లుల సంగతీ ఆమెకు చేరింది. చూడ్డానికి ఒకేలా ఉన్న బల్లులు కూడా ఒక్కో చోట ఒక్కో రకంగా సంతానాన్ని కంటాయట. కొన్ని చోట్ల మగది లేకుండానే ఆడది గుడ్లు పెడుతుందట, అందులోంచి అచ్చం తల్లే దిగుతుందట. పూతలపట్టు నుంచి వచ్చినవాటిలో ఆడా మగా ఉండేవి. మా చెల్లెలు పుత్తూరులో అత్తగారింటి నుంచి తెచ్చినవి మాత్రం ఎప్పుడూ ఆడవే.

"మగాళ్ళ పీడ లేని ఊరు" అని నేను నవ్వాను. మేడం నవ్వలేదు.

"అన్నీ ఒక్క నెత్తురే పాపా. ఒకదానికి వచ్చిన రోగం ఇంకోదాన్ని వదలదు. ఆ ఊళ్ళో ఒక్క మగది కనపడితే నాకు నిద్ర పడతాది" అన్నారు.

పోయిన ఉగాదికి వచ్చిన చెల్లెల్ని, బల్లిని తెచ్చావా అని మళ్ళీ అడిగారు.

"బల్లి యాడుండాది మేడం, ఇంట్లో ఒక్కటీ లేదు. పీడ పోయింది" అనింది అది సంతోషంగా.

మేడం తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశారు. ఆ తర్వాత పుత్తూరు నుంచి బల్లి పడిందని ఎవరూ రాలేదు. ఆమె రోజూ గేటు వైపు చూస్తుంటే నాకు భయం వేసేది. ఆస్పత్రిలో చివరిసారి నా చెయ్యి పట్టుకుని, "పుత్తూరు పోతే సూడు పాపా" అన్నారు.

కర్మ అయ్యాక పుత్తూరులో చెల్లెలింటికి వెళ్ళాను. పటాల వెనక, అటక మీద, మీటరు పెట్టె చుట్టూ వెతికాను. మగది సంగతి అటుంచితే, ఆడది కూడా కనపడలేదు. మేడం బతికి ఉంటే ఈ మాట ఆమెకు ఎలా చెప్పేదాన్నో తెలియదు.

చీకటి పడుతుండగా చెల్లెలు వసారాలో లైటు వేసింది. కాసేపటికే గోడంతా పురుగులు, ఏ భయమూ లేకుండా పాకుతున్నాయి. అది చీపురు తెచ్చి ఊడ్చింది. ఊడ్చిన చోటు మళ్ళీ నిండిపోయింది.

"ముందు ఇన్ని లేవక్కా. యాడ్నించి వస్తాండాయో" అంటూ ఊడుస్తూనే ఉంది. నేను చెల్లెలి పసిదాని ఉయ్యాల మీద నా పైట కప్పి, రెండు చేతులతో అంచులు పట్టుకుని నిలబడ్డాను.